మూడో పిలుపు

చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మొన్న పొద్దున అంగడి షట్టరు ఎత్తి, పటాలకు ఊదొత్తి చూపించి, ఫోను తెరిచేసరికి మా ఎయిర్‌గన్ ఫోరంలో ఆయన ఫోటో ఉంది. ఫోటోకు దండ బొమ్మ వేశారు. ‘మన పెద్దదిక్కు, మన ఫోరం వ్యవస్థాపకులు ఇక లేరు’ అని పైన రాశారు. కింద చేతులు జోడించిన బొమ్మలు, వేలితో ఎంత జరిపినా తరగడం లేదు. ఇంత భక్తి ఎవరికి పుట్టిందా అని చూస్తే, ఆయన్ని అదే ఫోరంలోంచి గెంటేసిన మోడరేటరే.

మొదట ఏడుపు రాలేదు నాకు. ఒళ్ళు మండింది. ఏడుపు ఆ తర్వాత, గిరాకీకి షటిల్ కాక్‌ల డబ్బా తీసిస్తుండగా వచ్చింది. దుమ్ము పడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

ఫోరమంటే నిజం తుపాకులవాళ్ళది కాదు. లైసెన్సు అక్కర్లేని, గాలితో చిన్న గుండు విసిరే ఎయిర్‌గన్నులున్నవాళ్ళు నెట్‌లో చేరి మాట్లాడుకునే చోటు. గురి పందేలు, విరిగిన స్ప్రింగులు, తోటల్లో కోతుల బాధలు, ఇవే కబుర్లు. చిత్తూరు బస్టాండుకు పోయే దారిలో మా నాయన పెట్టిన ఆటసామాన్ల అంగడి ఇప్పుడు నాది. క్యారమ్ బోర్డులతో పాటు ఎయిర్‌గన్నులూ అమ్మేదాన్ని, రిపేరూ చేసేదాన్ని. అందుకని నేనూ ఆ ఫోరంలో ఉన్నాను. ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి అందరికీ అక్కను. ఆయనకు మాత్రం పాపను. జుట్టు సగం నెరిసిన దాన్ని పట్టుకుని నలుగురిలో ‘ఏం పాపా’ అంటే నాకు చిరాకొచ్చేది. ఇప్పుడు అలా పిలిచేవాళ్ళు లేరు.

ఆయన పేరు రాయను. మూడుసార్లు పిలిచిన పేరు మళ్ళీ పిలవరు, ఆ సంగతి చివరికి తెలుస్తుంది.

చిత్తూరు కోర్టులో అటెండరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. ఎర్ర డవాలి పట్టీ భుజాన వేసుకుని జడ్జిగారి గది గుమ్మంలో నిలబడేవాడు. కేసు రాగానే వరండాలోకి వచ్చి వాది, ప్రతివాది పేర్లు పిలవడం ఆయన పని. ఒక్కో పేరు మూడుసార్లు పిలవాలి. మూడోసారికీ మనిషి రాకపోతే లోపలికి పోయి, చేతులు కట్టుకుని, ‘పిలిచినాను స్వామీ, పలకలేదు’ అనాలి. ఆ మాట అన్నాకే జడ్జి కలం కదిలేది. కోర్టు ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నవాడు కూడా ఆయన గొంతుకు గ్లాసు కింద పెట్టి లేచేవాడని మా నాయన చెప్పేవాడు.

“పేరొక్కటే పిలిస్తే సాలదు పాపా,” అనేవాడు ఆయన. “ఆ పేరు గలోళ్ళు నలుగురుంటారు. నాయన పేరు, ఊరు పేరు సేర్చి పిలవల్ల. అప్పుడు గానీ తన్నే పిలస్తా ఉండారని మనిషికి తెలీదు.”

ఎయిర్‌గన్ను మా నాయన దగ్గరే కొన్నాడు. కాణిపాకం దారిలో ఆయనకు కొన్ని మామిడిచెట్లున్నాయి, కాపు పట్టగానే కోతులు దిగేవి. కోతుల్ని కొట్టేవాడు కాదు. చెట్ల మధ్య ఒక పాత రేకు వేలాడదీసి, వసారాలో కుర్చీ వేసుకుని, ఆ రేకును కొట్టేవాడు. ఠంగుమని మోగగానే మంద మొత్తం పక్క తోటలోకి దూకేది. పక్కతోట రెడ్డి వచ్చి తిడితే, “నువ్వూ ఒక రేకు కట్టుకోప్పా, నేనేం వద్దన్నానా,” అని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. ప్రాణమున్న దేనికీ ఆయన గురిపెట్టగా ఎవరూ చూడలేదు.

రిటైరయ్యాక ఆ తుపాకి స్ప్రింగు విరిగింది. ఎలా మార్చాలో నెట్‌లో వెతికితే అంతా ఇంగ్లీషు. తెలుగోళ్ళెవురూ తుపాకి పట్టుకోలేదా అని నామీద ఎగిరి, తిరుపతిలో కంప్యూటర్లు నేర్పే మేనల్లుడి వెంటపడి తెలుగులో ఫోరం పెట్టించాడు. మొదట్లో పట్టుమని పదిమందిమి లేము. చూస్తుండగా నెల్లూరు, కర్నూలు, హైదరాబాదు, బెంగుళూరునుంచి జనం చేరారు. చేరేవాళ్ళంతా నాయన పేరు, ఊరు పేరు చెప్పాలని ఆయన రూలు. హైదరాబాదు పిల్లకాయలు ‘డెత్ ఈగిల్’, ‘బ్లాక్ స్నైపర్’ అని పేర్లు పెట్టుకొచ్చి, ఇదేం పెళ్ళిచూపులా అని నవ్వేవాళ్ళు. ఆయన ఓపిగ్గా జవాబు రాసేవాడు: ‘ఈగిల్ గారూ, మీ నాయన మీకొక పేరు పెట్టి ఉంటారు, అది తెలియజేయగలరు.’

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మిగతా ఫోరాల్లో తగువొస్తే మోడరేటరు ఒక మీట నొక్కుతాడు, మనిషి మాయమవుతాడు. మా ఫోరంలో అది కోర్టు. తప్పు చేసినవాడి పేరు, వాడి నాయన పేరు, ఊరు పేరు రాసి ‘హాజరు కావలెను, ఒకటో పిలుపు’ అని ఉదయాన్నే పెట్టేవాడు. మరుసటి ఉదయం రెండోది. ఆ మరుసటి ఉదయం మూడోది. అప్పటికీ వచ్చి తన మాట చెప్పుకోకపోతేనే తీసేసేవాడు. ఒకసారి తుపాకిలో గాలి పట్టి ఉంచే తోలు వాషరుకు ఏ నూనె వెయ్యాలన్న దానిమీద ఇద్దరు గాడిదా అంటే గాడిదా అని తిట్టుకున్నారు. ఆయన కేసు సోమవారానికి వాయిదా వేశాడు. సోమవారానికి ఆ ఇద్దరూ కలిసి తలకోన జలపాతానికి పోయి ఫోటోలు పెట్టారు.

“వాయిదా వేస్తే సగం తగువులు వాటంతటవే సస్తాయి పాపా. కోర్టులో నేను నేర్చుకునింది అదొకటే,” అని నవ్వాడు.

ఈ పిలుపులన్నీ నవ్వుకే అనుకునేదాన్ని నేను కూడా, నగరి అతని సంగతి చూసేదాకా. నగరిలో మగ్గాలు నడుపుకునే ఒకతను, చచ్చిన కొంగను కాళ్ళు పట్టుకుని ఎత్తి ఫోటో దిగి ఫోరంలో పెట్టాడు. అందరం మీద పడ్డాం. వెంటనే తీసెయ్యమని నేనే అందరికంటే గట్టిగా అరిచాను. ఆయన వినలేదు. ఒకటో పిలుపు పెట్టాడు, జవాబు లేదు. రెండోది పెట్టాడు, లేదు. మూడో పిలుపు పెట్టిన కాసేపటికి అతను రాశాడు: ‘ఈడే ఉండానన్నా. సిగ్గయి పలకలేదు. తప్పయిపోయింది.’ పలికినాడు గదా అని ఆయన అతన్ని ఉంచేశాడు. బతికున్న కొంగల ఫోటోలు తీసి పెడుతూ ఉండమని శిక్ష వేశాడు. నగరి అతను పాపం చెరువు గట్టున కూర్చుని తీసి పెట్టేవాడు. ఆ ఫోటోల్లో కొంగ ఏదో, గుడ్డపీలిక ఏదో తెలిసేది కాదు. ‘బాగుండాది, ఇంకొంచెం దగ్గరికి పోప్పా’ అని ప్రతిదానికింద ఈయన రాసేవాడు.

ఇక నా గొడవకొస్తాను.

మద్రాసులో ఒక పెద్ద డీలరున్నాడు. మా వైపు అంగళ్ళన్నిటికీ ఎయిర్‌గన్నులు ఆయన దగ్గరినుంచే రావాలి. ఒకరోజు ఆయన మనిషి వచ్చి కొత్త కట్టుబాట్లు చెప్పాడు. ఆయన చెప్పిన ధరకు ఎవరూ తగ్గించి అమ్మకూడదు. వాషర్లు, స్ప్రింగులు విడిగా అమ్మకూడదు, అంగట్లో రిపేరు చెయ్యకూడదు. పాడైన తుపాకిని మొత్తంగా మద్రాసు పంపాలి, అది ఎప్పుడొస్తే అప్పుడు. ఒప్పుకోని అంగడికి సరుకు బంద్. ఆ అంగడికి చాటుగా సరుకిచ్చిన పక్క అంగడికీ బంద్.

నాకు రిపేరుకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది జాతర్లలో బెలూన్లు పేల్చే కొట్టు పెట్టుకునేవాళ్ళు. కాణిపాకం బ్రహ్మోత్సవాలు, గంగమ్మ జాతర, మళ్ళీ ఇంకో తిరునాళ్ళు, అలా బండి కట్టుకుని తిరుగుతారు. తోలు వాషరు అణిగిపోయి తుపాకి తుస్సుమంటే పరిగెత్తుకొస్తారు, నేను వాళ్ళు టీ తాగి వచ్చేలోపల మార్చి ఇస్తాను. జాతర వారంలో తుపాకి మద్రాసు పోయి కూర్చుంటే వాళ్ళ పొయ్యి ఎలా వెలుగుతుంది. కుదరదన్నాను. ఆ నెలనుంచి నాకు సరుకు ఆగింది. తిరుపతిలో తెలిసిన అంగడాయన దగ్గరికి పోతే, “నీకిస్తే నాకు మూసేస్తారమ్మా, నన్ను అడగొద్దు,” అని అటు తిరిగి కూర్చున్నాడు. ఇన్నేళ్ళు నాయనా నాయనా అని మా నాయన వెనకాల తిరిగిన మనిషి.

జరిగిందంతా ఫోరంలో రాశాను. సాయంత్రానికి నా రాత మాయమైంది. ఫోరంలో మా పెద్దాయనతో పాటు ఇద్దరు కుర్ర మోడరేటర్లుండేవాళ్ళు, మీటలన్నీ తనకు చేతకావని తన తాళాలు వాళ్ళ చేతిలో కూడా పెట్టింది ఈయనే. మద్రాసు డీలరు ఏటా గురి పందెంలో బహుమతి తుపాకులిస్తున్నాడు, ఫోరం నడిపే ఖర్చు కూడా ఈమధ్య ఆయనే చూసుకుంటున్నాడు. ఉప్పు తిన్నవాళ్ళు మరి. ‘వ్యాపార గొడవలు నిషేధం’ అని ఒక ముక్క రాసి కొట్టేశారు.

ఈయన దాన్ని మళ్ళీ పైకి తెచ్చాడు. ‘ఆయమ్మ మాట విన్నాము, అవతలి వారి మాట వినలేదు. వినకుండా కొట్టివేయరాదు’ అని రాశాడు. నా ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తినట్టు వాళ్ళింటికి పోయాను.

“ఆ డీలరు కంపెనీ ఖాతా ఉందిగా, దాన్ని ఇప్పుడే తీసెయ్. ఆ పిల్లల్నీ తీసెయ్. నీ చేతిలో పని,” అన్నాను.

“నువ్వు సెప్పింది నిజమో కాదో నాకేం తెల్సు పాపా,” అన్నాడు. “ఆయప్పనూ రానీ. సెప్పుకోనీ.”

“ఇన్నేళ్ళుగా చూస్తున్నావు, నేను అబద్ధం చెప్తానా?”

“సెప్పవు. అయినా పిలవల్ల గదా.”

తిట్టాను. కందకు లేని దురద నీకెందుకనీ, నువ్వూ నీ కోర్టూ అనీ నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన మజ్జిగ తెప్పించి ఇచ్చాడు. మరుసటి ఉదయం మద్రాసు డీలరుకు ఒకటో పిలుపు పెట్టాడు. నాయన పేరుకోసం వెతికే పని లేకపోయింది. ఆ అంగడి పేరే నాయన పేరూ, పక్కన అండ్ సన్సూ.

ఆ రోజంతా ఫోరం గుప్‌చుప్. అంత పెద్ద డీలర్ని ఊరూ పేరూ పెట్టి హాజరు కమ్మనడమేమిటని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తెల్లారి రెండో పిలుపు పెట్టాడు. జవాబు రాలేదు. మూడో ఉదయం నేను అంగట్లో ఊదొత్తి కూడా వెలిగించకుండా ఫోను తెరిచాను. మూడో పిలుపు లేదు. రెండు పిలుపులూ లేవు. నా రాతా లేదు. ఆయన ఇన్నేళ్ళుగా రాసిన ప్రతిదానిపైనా, కొంగల ఫోటోల కింద ‘బాగుండాది’ అన్నదానిపైన కూడా, పేరుండాల్సిన చోట ‘తొలగించబడిన సభ్యుడు’ అని ఉంది.

అవతలివాడికి మూడు రోజులిచ్చాడు ఈయన. వాళ్ళకు రెండు రోజులే సరిపోయాయి.

ఆ మధ్యాహ్నం అంగడికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, స్టూలు మీద కూర్చుని ఫోను నా చేతికిచ్చాడు. “ఏందో తెరసుకోలేదు పాపా, సూడు,” అన్నాడు. ఏమని చెప్పాలి. చెప్పాను. ఫోను వెనక్కి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“నన్ను పిలవలేదు గదా,” అన్నాడు.

“వాళ్ళ ముఖాలకు అది కూడానా.”

“కాదు పాపా. తీసేస్తే తీసేయనీ, నేనేం శాశ్వతమా. ఒక్కసారన్నా పిలిచి ఉంటే పలికి ఉంటాను గదా. దొంగతనం చేసినోణ్ణి కూడా పిలిచినాను నేను. సంపినోణ్ణి పిలిచినాను. నన్ను పిలవలేదు సూడు.”

“మొదటిరోజే ఆ ఖాతా తీసేసి ఉంటే ఇంత దూరం వచ్చేదా,” అన్నాను, కోపం ఆగక.

“పిలవకుండా ఎట్ల తీసేది,” అన్నాడు. “నాకు నోరు రాదు పాపా.”

ఆయన పోయేటప్పుడు చెప్పుల్లో కాలు పెట్టడానికి తడుముకున్నాడు. అప్పుడనిపించింది నాకు, మనిషి ముసలివాడయ్యాడని.

నా అంగట్లో ఇప్పుడు ఎయిర్‌గన్నులు లేవు. అద్దాల బీరువాలో తుపాకులుండే వరసలో క్యారమ్ బోర్డులు పెట్టాను. వాషర్లు మాత్రం చెప్పులు కుట్టే ఒకాయన చేత తోలు కోయించి, జాతర్లవాళ్ళకు మారుస్తూనే ఉన్నాను. ఎన్నాళ్ళు సాగితే అన్నాళ్ళు. ఆయన లేని ఆ ఫోరాన్ని తెరవబుద్ధి కాలేదు చాలాకాలం. అడపాదడపా తెరిచినా డీలరుగారి ప్రకటనలే.

ఆయన్ని చివరిసారి చూసింది మొన్నటి మామిడికాపులో. ఒంట్లో బాగాలేదని తెలిసి తోటకు పోయాను. వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. తుపాకి గోడకు ఆనించి ఉంది. చెట్లమీద కోతులు కాయ కొరికి పారేస్తున్నాయి, ఆయన చూస్తూ ఊరుకున్నాడు. గొట్టం వంచి గుండు పెట్టే బలం చేతుల్లో లేదని ఆయన భార్య చెప్పింది.

“పాపా, నువ్వు కొట్టు,” అన్నాడు.

తుపాకి అందుకుని రేకును కొట్టాను. ఠంగుమంది. కొమ్మలన్నీ ఒక్కసారి ఊగి, కోతులు పక్కతోటలోకి పోయాయి. రేకు ఊగడం ఆగేదాకా చూసి, “వాషరు బాగుండాది,” అన్నాడు. వేసింది నేనే.

పోయొస్తానని లేచినప్పుడు అడిగాడు. “ఆ ఫోరంలో నన్నెవురన్నా పిలిచినారా?”

కోర్టు గుమ్మం దగ్గర అంతమందిని పిలిచిన గొంతు, అంత మెల్లగా వస్తుందని నేననుకోలేదు.

“లేదు,” అన్నాను. నాకు తెలిసింది అదే.

“సరేలే,” అని గోడవైపు తిరిగాడు.

ఇదంతా గుర్తుకొచ్చింది మొన్న, ఆ దండ బొమ్మ చూస్తుంటే. ఆయన పాత రాతలు తీసి చూశాను. పైన వ్యవస్థాపకులు, కింద ఇంకా తొలగించబడిన సభ్యుడే. నాకిక ఆగలేదు. చేతులు జోడించిన బొమ్మల వరసలో, ఆయన రాసే తీరులోనే రాశాను. మద్రాసు డీలరు పేరు, నాయన పేరు, ఊరు పేరు. ‘హాజరు కావలెను. మూడో పిలుపు.’ ఆయన పోతూ వదిలేసిన పని అదొక్కటే. మధ్యాహ్నానికి అదీ పోయింది, నేనూ పోయాను. ‘ఈ పేజీ చూడటానికి మీకు అనుమతి లేదు’ అని వచ్చింది. నన్నూ పిలవలేదు.

సాయంత్రం అంగడి ఫోను మోగింది. నగరి మగ్గాలాయన. వాషర్లకు అప్పుడప్పుడూ చేసేవాడు, అందుకే అనుకున్నాను.

“అక్కా, నిన్ను తీసేసినారు గదా,” అన్నాడు. “నీ పేరు పిలిచినానక్కా ఆడ. నాయన పేరుతో. ఇది ఒకటో పిలుపు. రేపు రెండోది పెడతా.”

“నీకెందుకప్పా, నిన్నూ తీసేస్తారు.”

“తీసేయనీలే. అప్పుడు తీసేయలేదు గదా.”

“ఎప్పుడు?”

“ఆయప్పను తీసేసినప్పుడు. నేను పిలిచినా గదా. నీకు తెల్సనుకుంటినే.”

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన కూర్చున్న స్టూలే.

“పెట్టింది పెట్టినట్టే సెరిపేసినారక్కా. అయినా వదల్లేదు నేను. తీసేసినా ఆయప్పకు కనపడతాదని అనుకున్నా. ఆయప్ప ఫోను నెంబరు నాకాడ లేదు, నిన్నడిగి ఉండల్ల,” అన్నాడు. “నాయన పేరు, ఊరు పేరు సేర్చే పిలిచినా. మూడుసార్లూ పిలిచినానక్కా. పలకలేదు.”